మౌంట్ టామ్‌లో చిన్న లూప్ వేసుకోవాలంటే టామ్ హారిసన్ మ్యాప్ కొనండి

వేసవిలో అమ్మానాన్నలు వచ్చారంటే శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ప్రతి తెలుగు ఇంటివాళ్లూ మ్యూర్ వుడ్స్‌కి వెళ్తారు. ముందే పార్కింగ్ రిజర్వ్ చేసుకుని, చెక్క బాట మీద కాసేపు నడిచి, రెడ్‌వుడ్ చెట్ల కింద ఫొటోలు తీసుకుని వచ్చేస్తారు. కాస్త నడవగలిగిన పెద్దవాళ్లుంటే, ఆ పక్కనే కొండ మీదున్న మౌంట్ టామల్‌పయస్ (అందరూ మౌంట్ టామ్ అంటారు) స్టేట్ పార్కుకి కూడా తీసుకెళ్లి తీరాలంటాను. అక్కడ ఒకే పూటలో సముద్రం, గడ్డి వాలు, రెడ్‌వుడ్ లోయ మూడూ చూడొచ్చు. కాకపోతే బాటలు ఒకదానిలో ఒకటి కలుస్తూ చీలుతూ ఉంటాయి. ఎక్కడ మొదలుపెట్టి ఎటు తిరగాలో ఇంట్లోనే తేల్చుకోవాలి. దానికి నేను వాడేది టామ్ హారిసన్ అనే మ్యాపుల కంపెనీ వాళ్ల మౌంట్ టామ్ మ్యాప్.

కాగితంలా కనిపిస్తుంది కానీ ప్లాస్టిక్ షీటు. తడవదు, చిరగదు. ఇక్కడి పొగమంచు తెరలో ఒళ్లు చెమ్మగిల్లినప్పుడు దీని విలువ తెలుస్తుంది. నాకు బాగా నచ్చింది మాత్రం ఒక జంక్షన్ నుంచి ఇంకో జంక్షన్‌కి ఎంత దూరమో ముక్క ముక్కకీ అంకె వేసి ఉండటం. కూడుకుంటే చాలు, మన లూప్ (బయల్దేరిన చోటికే తిరిగొచ్చే దారి) పొడవు వచ్చేస్తుంది. ఫోన్ యాప్ ఎవరో నడిచిన దారిని చూపిస్తుంది. ఇది చేతిలో ఉంటే మన ఇంట్లోవాళ్ల కాళ్లకు తగ్గ దారిని మనమే కట్టుకోవచ్చు.

మా నాన్నగారు ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యారు. మ్యాప్‌ని డైనింగ్ టేబుల్ మీద పరిచి, ఎగిరిపోకుండా నాలుగు మూలలా గ్లాసులు పెట్టి కూర్చున్నారు. అమ్మ కుట్టుపెట్టె లోంచి దారం తీసుకుని బాట వంపుల వెంట పరిచారు. తర్వాత దాన్ని స్కేలు మీద పెట్టి కొలిచి, మ్యాప్‌లో వేసిన అంకెలతో సరిచూసుకున్నారు. ఆ తర్వాత నేల ఎత్తు చూపే కాంటూర్ గీతల మీద (అవి దగ్గరపడితే నిటారు అన్నమాట) వేలు పెట్టి, "ఇదిగోనమ్మా, గీతలు దగ్గరపడ్డాయి చూడు. ఇక్కడ ఊపిరి ఆడదు," అన్నారు. ఆయన వేలు స్టీప్ రవీన్ అనే లోయ బాట పై భాగం మీద ఉంది.

మేం అనుకున్న లూప్ నాలుగు మైళ్లకు అటూ ఇటూగా ఉంటుంది. పాన్‌టోల్ రేంజర్ స్టేషన్ దగ్గర కారు పెట్టి, ఓల్డ్ మైన్ ట్రైల్ మీదుగా డిప్సీ ట్రైల్ అందుకుని, సముద్రం వైపు దిగాలి. వెబ్ క్రీక్ అనే వాగు దగ్గర కుడికి తిరిగి స్టీప్ రవీన్ గుండా మళ్లీ పాన్‌టోల్‌కి ఎక్కాలి. పాన్‌టోల్ దాదాపు 1,500 అడుగుల ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి సుమారు వెయ్యి అడుగులు దిగి, మళ్లీ అంతా ఎక్కడమే. అంటే నాలుగు మైళ్లే కదా అని తేలిగ్గా తీసుకునేది కాదు.

చాలామంది దీన్ని తిరగేసి, ముందు స్టీప్ రవీన్ దిగుతారు. నాన్నగారు ఒప్పుకోలేదు. ఆ లోయలో ఒకచోట జలపాతం పక్కన చెక్క నిచ్చెన ఉంటుంది, చుట్టూ తడి రాళ్లు. "దిగడం ఎటూ తప్పదు. అదేదో పొడి నేల మీద దిగుదాం. నిచ్చెన ఎక్కేటప్పుడు రానీ," అన్నారు. అక్షరాలా నిజం. అమ్మ రెండు చేతులతో నిచ్చెన పట్టుకుని, ఎదురుగా మెట్టు చూసుకుంటూ టెన్షన్ లేకుండా ఎక్కేసింది. పైగా ఎక్కుడంతా రెడ్‌వుడ్ల నీడలో, పక్కనే వాగు చప్పుడు వింటూ సాగుతుంది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఈ వరసలోనే నడవాలని గట్టిగా చెప్తాను.

మ్యాప్ చెప్పనివి కొన్ని ఉన్నాయి. జూన్ నుంచి ఆగస్టు దాకా పొద్దుటిపూట సముద్రం మీది పొగమంచు కొండని కమ్మేస్తుంది. శాన్ హోసేలో ఎండ మండుతోందని పల్చటి చొక్కాతో బయల్దేరకండి, అందరికీ స్వెట్టర్ ఉండాలి. బాట పక్కన మూడేసి ఆకుల పాయిజన్ ఓక్ ఉంటుంది, తగిలితే రోజుల తరబడి దురద. పిల్లలకి ముందే చూపించండి. జూన్‌లో రెండో ఆదివారం డిప్సీ రేసు, 1905లో మొదలైంది, ఇదే బాట మీద పరుగెత్తుతారు. ఆ రోజు వెళ్లకపోవడం మేలు. లోయలో ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు.

పార్కు మొత్తం ఒకే షీట్ మీదికి రావడంతో అక్షరాలు చిన్నవే, పెద్దవాళ్లకి కళ్లజోడు కావాలి. చెట్టు కూలిందనో మరమ్మతులనో ఏ బాటైనా మూసేస్తే అచ్చేసిన మ్యాప్‌కి తెలియదు కాబట్టి, బయల్దేరే ముందు రోజు స్టేట్ పార్క్స్ వెబ్‌సైట్ చూడాలి. ముఖ్యంగా వానాకాలం తర్వాత.

ఒక్కసారి మ్యూర్ వుడ్స్ చూసి వచ్చేద్దామనుకునేవాళ్లకి ఇది అక్కర్లేదు. ఏటా ఎవరో ఒకరు ఊరి నుంచి వస్తారు, వచ్చినవాళ్లు నడుస్తారు అనుకుంటే మాత్రం కొనండి. అదే షీట్ మీద స్టిన్సన్ బీచ్ దాకా దిగి వచ్చే ఏడు మైళ్ల మ్యాట్ డేవిస్ లూప్ కూడా ఉంది. అది ఈసారి మా తమ్ముడు వచ్చినప్పుడు.