పూసల లెక్క: పిల్లలతో కోరాపుట్, జయపురం

సంక్రాంతి సెలవులకి మా చెల్లెలి కూతురు విజయనగరం నుంచి ఒడిశాలోని మా ఊరు రాయగడ వచ్చింది. మజ్జిగౌరమ్మ గుడికి తీసుకెళ్లాను. ఒక్క పూటలో అయిపోయింది. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, "ఇంకేముంది దొడ్డమ్మా ఇక్కడ?" అంది. తొమ్మిదేళ్ల పిల్ల మామూలుగానే అడిగినా, ఆ మాట నన్ను వదల్లేదు. మూడు తరాలుగా ఈ కొండల మధ్యే ఉంటున్నాం. మా పిల్లలకే పక్క జిల్లా చూపించలేదు. మర్నాడే మావాళ్లిద్దరికీ బడికి సెలవు చెప్పి, గురువారం తెల్లవారుజామున ముగ్గురినీ వెంటబెట్టుకుని కోరాపుట్ రైలెక్కాను. మా ఆయన శుక్రవారం రాత్రికి వచ్చి కలుస్తానన్నారు.

రాయగడ నుంచి కోరాపుట్ దాకా రైలు ప్రయాణమే సగం యాత్ర. టికిరి దాటాక సొరంగాలు వరసగా వస్తూనే ఉంటాయి. చీకటి పడ్డప్పుడల్లా బోగీలో పిల్లలంతా ఒక్కసారి అరుస్తారు, వెలుగు రాగానే కిటికీకి అతుక్కుపోతారు. ఘాట్ రోడ్డులో మా చిన్నోడికి వాంతులు ఖాయం. అందుకే చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లకి బస్సు కన్నా రైలే నయమంటాను.

స్టేషన్ బయట కారు డ్రైవరు ఒకాయన పలకరించాడు. మేం తెలుగువాళ్లమని ఇట్టే పట్టేశాడు. "ఈరోజు గురువారం కదమ్మా, ఒనకడెల్లి సంత ఉంది. బొండావాళ్లు వస్తారు, చూపించి సాయంత్రానికి తెచ్చేస్తాను" అన్నాడు. వద్దన్నాను. సంతకి సరుకు అమ్ముకోవడానికి వచ్చిన ఆడవాళ్లని కారు దిగి చూసి రావడం నాకు నచ్చదు. పిల్లలకి అది అలవాటు చేయడం అసలే నచ్చదు. ఒడిశాలో ప్రత్యేకంగా గుర్తించిన 13 ఆదిమ తెగల్లో బొండా ఒకటి. వాళ్ల గురించి తెలుసుకోవాలంటే ముందు మ్యూజియంకి వెళ్దామని ఆటో మాట్లాడుకున్నాను.

కోరాపుట్ ట్రైబల్ మ్యూజియం జగన్నాథుడి గుడిని ఆనుకునే ఉంటుంది. ఆ గుడిని శబర శ్రీక్షేత్రం అంటారు. 1972లో కట్టిన గుడి, కొండ మీద తెల్లగా దూరం నుంచే కనిపిస్తుంది. సాలూరు, విజయనగరం వైపు నుంచి వచ్చిన మనవాళ్లు మెట్ల మీద చాలామందే కలిశారు. దర్శనం చేసుకుని అటునుంచి అటే దిగిపోతున్నారు. ఇంత దూరం వచ్చి పక్కనున్న మ్యూజియం చూడకుండా వెళ్లిపోవడం చూస్తే బాధేసింది. ఇద్దరు ముగ్గురికి నేనే చెప్పాను కూడా.

మ్యూజియం పెద్దదేం కాదు. ఊరికే నడిచి వస్తే అరగంట పడుతుంది. మాకు రెండున్నర గంటలు పట్టింది. దానికి కారణం పూసలు.

నగల అద్దాల పెట్టె దగ్గర ముగ్గురూ ఆగిపోయారు. బొండా ఆడవాళ్లు మెడ నుంచి నడుము దాకా వేసుకునే గాజు పూసల పేటలు ఉన్నాయక్కడ. ఎరుపు, పసుపు, తెలుపు, నీలం. దగ్గరికెళ్లి చూస్తే ఒక్క పూసా ఇంకో పూసలా లేదు. ఒకటి కాస్త పొడుగు, ఒకటి అంచు వంకర, ఇంకోదాని మీద చిన్న బుడగ మచ్చ. వాడి వాడి దారం నల్లబడింది కానీ పూస రంగు ఇసుమంత తగ్గలేదు. మా చిన్నోడు అద్దానికి ముక్కు ఆనించి లెక్కపెట్టడం మొదలెట్టాడు. నూట పదో ఎంతో దాకా వెళ్లి తప్పిపోయాడు, మళ్లీ ఒకటి నుంచి. అద్దం మీద వాడి ఊపిరి ఆవిరి పడితే చొక్కా చేత్తో తుడుచుకుంటూ లెక్క. అక్కడి ఉద్యోగి చూసి ఏమంటాడో అని నాకు టెన్షన్. ఆయన నవ్వి, ఒక స్టూలు తెచ్చి వేశాడు. ఆ స్టూలు నేను మర్చిపోలేను.

పేర్లు ఒడియాలో, ఇంగ్లిష్‌లో రాసి ఉన్నాయి. మా అమ్మాయి ఒడియా చదివి, తెలుగులో చెల్లికి చెబుతూ పోయింది. కెరంగ్ చెట్టు నారతో నేసే గుడ్డ దగ్గర, గదబ తెగ ఆడవాళ్ల పెద్ద ఇత్తడి చెవి చుట్ల దగ్గర, డోళ్ల దగ్గర, అన్నిచోట్లా అదే పని. బడిలో ఒడియా పాఠం అంటే ముఖం ముడిచే పిల్ల అది.

"పూసలు ఎవరు చేస్తారు దొడ్డమ్మా?" అని అడిగింది చెల్లెలి కూతురు. ఈ పేటలు ఏ ఊరివో ఏమో గానీ, గాజు పూస తయారవడం నేను కళ్లారా చూశాను. మా పెదనాన్నగారు రేణిగుంటలో రైల్వేలో ఉన్నప్పుడు దగ్గర్లోని పాపానాయుడుపేటకి తీసుకెళ్లారు. కొలిమిలో కరిగిన గాజు ముద్దని ఇనప గొట్టానికి పట్టించి, రెండో వైపు నుంచి ఒక మనిషి కొక్కెంతో లాగుతుంటే సన్నటి గాజు గొట్టం బారలు బారలుగా వస్తుంది. లోపల బెజ్జం దానంతటదే ఉంటుంది. దాన్ని ముక్కలుగా కోసి, బూడిదలో కలిపి మళ్లీ వేడి చేస్తే అంచుల పదును పోయి నున్నగా తేలతాయి. బెజ్జం మూసుకుపోకుండా కాపాడేది ఆ బూడిదే. ఇదంతా చేతులతో చూపిస్తూ చెప్పాను. "అంటే పాలకోవా లాగినట్టా?" అన్నాడు చిన్నోడు. పీచుమిఠాయి పాకం లాగినట్టు అన్నాను. మ్యూజియం వాళ్లు ఆ పెట్టె పక్కన పూస తయారీ బొమ్మ ఒకటి, చేత్తో పట్టుకుని చూడ్డానికి నాలుగు పూసలు పెడితే ఎంత బాగుంటుందో! పిల్లలకి అద్దం అవతల వస్తువు సగమే అందుతుంది.

ఆ రాత్రి బస సంగతి చెప్పాలి. ఫొటోలు చూసి ఒక హోటల్లో గది తీసుకున్నాను. ఇరవై నాలుగ్గంటలూ వేడినీళ్లన్నారు. గీజరు పనిచేయలేదు. జనవరిలో కోరాపుట్ చలి మామూలుగా ఉండదు. కింద అడిగితే "పొద్దున్న చూద్దాం" అన్నారు. రెండో కంబళి కోసం మూడుసార్లు మెట్లు దిగాను. మర్నాడు ఖాళీ చేసి గుడికి దగ్గర్లో మామూలు లాడ్జికి మారాం. టీవీ లేదు, గోడలకి పెచ్చులూడాయి. కానీ తెల్లవారేసరికి గుమ్మం ముందు బకెట్టుతో వేడినీళ్లు పొగలు కక్కుతూ ఉన్నాయి. పిల్లలతో వెళ్లేవాళ్లు చలికాలంలో గది తీసుకునే ముందు కుళాయి తిప్పి చూసుకోండి, తర్వాతే డబ్బులు కట్టండి.

తిండికి ఇబ్బంది లేదు. పొద్దున్న బరా, ఘుగుని తిన్నాం. మన గారెలు, బటానీ కూర అనుకోవచ్చు. కోరాపుట్ కాఫీ తప్పక తాగాలి. ఈ కొండల్లో పండిన గింజే.

శుక్రవారం కుందులి సంతకి వెళ్లాం. అల్లం, పసుపు, చిక్కుడు, చోళ్లు కుప్పలు కుప్పలు. ఒక ముసలమ్మ దగ్గర పూసల దండలు కనిపించాయి. మా చెల్లెలి కూతురు వంగి చూస్తుంటే, ఆవిడ ఒక దండ తీసి పిల్ల అరచేతిలో వేసింది. "చల్లగా ఉన్నాయి" అంది పిల్ల ఆశ్చర్యంగా. 30 రూపాయలు. బేరమాడలేదు. ఫొటో తీయనా అని మా అమ్మాయి ఒడియాలో అడిగితే ఆవిడ తల అడ్డంగా ఊపింది, ఫోను సంచిలోకి వెళ్లిపోయింది. అడగడం, వద్దంటే ఊరుకోవడం, రెండూ తన అంతట తానే చేసింది. నాకు చాలా సంతోషమేసింది.

శనివారం జయపురం. ఘాట్ రోడ్డు మీద ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. చిన్నోడికి వాంతి కానే అయింది. అక్కడ ఎం.ఎస్. స్వామినాథన్ ఫౌండేషన్ వారి బిజూ పట్నాయక్ ఔషధ మొక్కల తోట ఉంది. పూల తోటలా రంగురంగులుగా ఉంటుందనుకుని వెళ్తే పిల్లలు నిరాశపడతారు. అంతా పచ్చదనమే. తోడు ఒక మనిషి ఉండి చెబితేనే తోట మాట్లాడుతుంది. మాకు అలాంటి తోటమాలి దొరికాడు. సర్పగంధి, నేలవేము, తిప్పతీగ చూపించి, ఒక తీగ దగ్గర ఆగి తలా ఒక ఆకు కోసిచ్చాడు. గుడ్‌మార్ అన్నాడు. మన పొడపత్రి. బాగా నమిలి ఉమ్మేయమని, ఆనక బెల్లం ముక్క నోట్లో పెట్టాడు. చిన్నోడి ముఖం చూడాలి! "అమ్మా, మట్టి!" అని అరిచాడు. నాకూ అంతే, తీపన్నది లేదు, నోట్లో ఇసక. ఆ ఆకులోని పదార్థం నాలుక మీద తీపి తెలిసే చోట్లని కాసేపు మూసేస్తుంది. ముప్పావుగంట దాకా ముగ్గురూ ఏది తిన్నా ముందు నాలుక బయటపెట్టి పరీక్షించడమే.

వరి గురించి కూడా అక్కడే మాట వచ్చింది. 1950ల్లో ఈ జయపురం ప్రాంతంలో సర్వే చేసినప్పుడు 1,700కి పైగా నాటు వరి రకాలు దొరికాయట. విత్తనాలు కాపాడినందుకు 2019లో పద్మశ్రీ అందుకున్న కమలా పూజారి ఈ దగ్గర ఊరావిడే. కాలాజీరా బియ్యం రెండు కిలోలు కొన్నాను. వండితే వాసన పక్కింటిదాకా వెళ్లింది.

రెండింట్లో ఏది ముందు అంటే, ఆరేడేళ్ల లోపు పిల్లలకి తోటే. చేతికి, నోటికి అందుతుంది. పదేళ్లు దాటినవాళ్లకి మ్యూజియం. ఒక్కరోజులో రెండూ పెట్టుకోకండి, దేవమాలి కొండ, దుదుమ జలపాతం అంటూ జాబితా పెంచుకోకండి.

తిరుగు రైల్లో పూసల దండ తెగింది. సరిగ్గా సొరంగంలో. చీకట్లో టపటపా రాలిన చప్పుడు, వెంటనే ఏడుపు. వెలుగు వచ్చేసరికి బోగీలో సగం మంది సీట్ల కింద వెతుకుతున్నారు. ఎదురుగా కూర్చున్న పెద్దాయన తన చెప్పు కింద ఒకటి, ఒక పాప తన గౌను మడతలో రెండు దొరికాయని తెచ్చిచ్చారు. చిన్నోడు నా కొంగులో పోసి లెక్కపెట్టాడు. ఈసారి తప్పలేదు. డెబ్బై మూడు.

"మొత్తం ఎన్నుండేవి?" అని అడిగాడు. కొన్నప్పుడు ఎవరం లెక్కపెట్టలేదు.