పొడుగు రన్నరా, పొట్టి రన్నరా: మన రోడ్లకు ఏ ఇన్‌టేక్ మానిఫోల్డ్ మేలు?

గాజువాక ఆటోనగర్‌లో మా మిల్లింగ్ మెషిన్ దగ్గరికి వచ్చే కుర్రాళ్లు తరచూ అడిగే మాట ఇది: "అన్నా, ఇన్‌టేక్ మానిఫోల్డ్ కొత్తది చేయించుకుందామనుకుంటున్నా. రన్నర్లు పొట్టిగా పెట్టమంటావా, పొడుగ్గానా?" అడుగుతూనే ఫోన్ తీసి ఒక ఫొటో చూపిస్తారు. నాలుగు పొట్టి రన్నర్లు, వాటి మీద పెద్ద బాక్సు, మెరిసిపోయే అల్యూమినియం. చూడ్డానికి చాలా బాగుంటుంది. తెలియనివాళ్ల కోసం: ఇంజిన్‌లోకి గాలిని తీసుకెళ్లే భాగమే ఇన్‌టేక్ మానిఫోల్డ్. గాలి ముందు బాక్సులోకి వస్తుంది, అక్కడి నుంచి ఒక్కో సిలిండర్‌కి వెళ్లే గొట్టమే రన్నర్. నా మారుతి ఎస్టీమ్ కారుకి మొదట నేనూ అలాంటిదే చేసుకున్నాను. ఈ మధ్యనే అది విప్పేసి పొడుగు రన్నర్లది బిగించాను. రెండింటినీ ఒకే ఇంజిన్ మీద, ఒకే రోడ్ల మీద నడిపాను కాబట్టి ఇప్పుడు కాస్త వివరంగా చెప్పగలను.

వాళ్లను నేను తిరిగి అడిగేది ఒక్కటే. నీ బండి ఎక్కువసేపు ఏ ఆర్‌పీఎంలో, అంటే ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లతో, తిరుగుతుంది? నా దృష్టిలో తేల్చేది ఇదే. బాక్సు సైజు, గాలిని అదుపు చేసే థ్రాటిల్ బాడీ, మెటీరియల్, అన్నీ దీని తర్వాతే.

పిస్టన్ దిగుతూ గాలిని లాగినప్పుడు రన్నర్‌లో ఒత్తిడి పడిపోతుంది. ఆ పడిపోవడం ఒక అలలాగా ధ్వని వేగంతో రన్నర్ వెంట బాక్సు వైపు పోతుంది. రన్నర్ బాక్సులోకి తెరుచుకునే చోట అది తిరగబడుతుంది. తక్కువ ఒత్తిడిగా వెళ్లినది ఎక్కువ ఒత్తిడిగా వెనక్కి వస్తుంది. ఇన్‌టేక్ వాల్వ్ మూసుకునే ముందు అది వచ్చి అందితే సిలిండర్‌లోకి ఇంకాస్త గాలిని నెడుతుంది. మూసుకున్నాక వస్తే తలుపు వేసిన ఇంటికి చుట్టం వచ్చినట్టే. మరీ ముందొస్తే, అవసరమైన సమయానికి ఉండదు. రన్నర్ పొడవు ఎంత పెట్టాలనేదంతా ఈ రాకపోకల లెక్కే.

అల వెళ్లి రావడానికి క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) దాదాపు 90 డిగ్రీలు తిరిగేంత సమయం అనుకుందాం. వాల్వులను తెరిచే క్యామ్‌ని బట్టి మారుతుంది గానీ మొదలుపెట్టడానికి ఇది చాలు. 3000 ఆర్‌పీఎంలో క్రాంక్ 90 డిగ్రీలు తిరగడానికి 5 మిల్లీసెకన్లు పడుతుంది. మన విశాఖ ఎండకు గాలిలో ధ్వని వేగం సెకనుకు 350 మీటర్లు వేసుకోవచ్చు. అంటే ఆ 5 మిల్లీసెకన్లలో అల 1.75 మీటర్లు పోతుంది. రానూపోనూ కాబట్టి అందులో సగం, 87 సెంటీమీటర్లు. అదే 6000లో అయితే 44 చాలు. ఇదంతా చేయకుండా సులువుగా కావాలంటే 2,62,500ని వాల్వ్ నుంచి బాక్సు నోటి దాకా ఉన్న పొడవుతో, సెంటీమీటర్లలో, భాగించండి. ఏ ఆర్‌పీఎం దగ్గర ఆ పొడవు సాయపడుతుందో వస్తుంది. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. రన్నర్ ఒక్కటే కొలుస్తారు, సిలిండర్ హెడ్ లోపల వాల్వ్ దాకా గాలి వెళ్లే దారి, అంటే పోర్టు, వదిలేస్తారు. అల బయలుదేరేది వాల్వ్ దగ్గర, హెడ్ అంచు దగ్గర కాదు. వంగిన తీగ ఒకటి పోర్టులోకి పెట్టి కొలిస్తే నా హెడ్‌లో 9 సెంటీమీటర్లు వచ్చింది.

ఇప్పుడు నా మొదటి మానిఫోల్డ్‌కి ఈ లెక్క వేయండి. రన్నర్ 18, పోర్టు 9, మొత్తం 27. భాగిస్తే 9,700. నా ఇంజిన్‌ని ఎప్పుడూ 6,500 దాటనివ్వను. అంటే ఆ పొడవు పనిచేసే చోటికి నా బండి జన్మలో చేరదు. చేసేముందు ఈ లెక్క వేసుకోలేదు, ఫొటో చూసి చేశాను.

తేడా ఎక్కడ తెలిసిందంటే అరకు ఘాట్‌లో. బండిలో నలుగురం, డిక్కీలో సామాను. ఎస్.కోట దాటి అనంతగిరి వైపు ఎక్కుతుంటే ప్రతి మలుపులోనూ బండి 2,500కి పడిపోతుంది. అక్కడి నుంచి సెకండ్ గేర్‌లో లాగాలి. కంపెనీ మానిఫోల్డ్‌తో సెకండ్‌లో ఎక్కిన మలుపులకే ఈసారి ఫస్ట్ వేయాల్సి వచ్చింది. పుల్లింగ్ లేదు. పెడల్ నొక్కితే శబ్దం వస్తోంది, బండి రావట్లేదు. వెనక బస్సు హారన్ కొడుతుంటే ఎంత టెన్షన్ పడ్డానో నాకే తెలుసు. ఊళ్లోనూ అంతే. ఎన్.ఏ.డి. నుంచి మద్దిలపాలెం దాకా సిగ్నల్ తర్వాత సిగ్నల్, 4,000 దాటే చోటెక్కడ?

రెండోది చేసేటప్పుడు లెక్కతో మొదలుపెట్టాను. 4,000 కోసం చూస్తే 66 సెంటీమీటర్లు రావాలి. బానెట్ కింద అంత చోటు లేదు. అట్టతో నమూనా చేసి, రన్నర్లను పైకి లేపి వాల్వ్ కవర్ మీదుగా వంచితే రన్నర్ 47, పోర్టుతో కలిపి 56 దాకా వచ్చింది. అంటే 4,700 దగ్గర. బాక్సు పైన నాలుగు చోట్ల పిల్లలు ఆడుకునే క్లే ముద్దలు పెట్టి బానెట్ మూశాను. తెరిచి చూస్తే మూడు ముద్దలు బాగానే ఉన్నాయి, థ్రాటిల్ వైపు ముద్ద అప్పడంలా నలిగి 4 మిల్లీమీటర్లే మిగిలింది. ఆగి ఉన్న బండిలో 4 చాలనిపిస్తుంది. కానీ యాక్సిలరేటర్ నొక్కగానే ఇంజిన్ మౌంటింగుల మీద ఊగుతుంది, బాక్సు వెళ్లి బానెట్‌కి కొట్టుకుంటుంది. ఆ మూల కోసి కిందికి దించి, 15 మిల్లీమీటర్ల సందు వచ్చాకే వెల్డింగ్‌కి ఇచ్చాను.

ఇప్పుడదే ఘాట్ సెకండ్‌లో ఎక్కుతోంది. 3,000 దాటగానే లాగుడు మొదలై 5,000 దాకా నిండుగా ఉంటుంది. 5,500 పైన మాత్రం పొట్టి మానిఫోల్డ్ అంత చురుకు లేదు, అది ఒప్పుకోవాలి.

పొట్టి రన్నర్లు తప్పని కాదు. ఫార్ములా స్టూడెంట్ అనే కాలేజీ రేసు పోటీకి కారు కట్టే ఇంజినీరింగ్ పిల్లలు వస్తుంటారు. వాళ్లది మోటార్‌సైకిల్ ఇంజిన్, గాలి వెళ్లే దారిలో రూలు ప్రకారం 20 మిల్లీమీటర్ల రెస్ట్రిక్టర్, అంటే గాలిని తగ్గించే ఇరుకు రంధ్రం, ఉంటుంది. ఆ ఇంజిన్ తిరిగేదే 7,000 నుంచి 9,000 మధ్య. వాళ్లకు మొత్తం 30 నుంచి 35 సెంటీమీటర్ల పొడవు సరిగ్గా సరిపోతుంది. వాళ్లకు పొడుగు రన్నర్లు చెబితే నాదే తప్పు. 1960లో క్రైస్లర్ 300ఎఫ్ కారుకు 30 అంగుళాల పొడుగు రన్నర్లు పెట్టింది, అంటే 76 సెంటీమీటర్లు. మామూలు వేగంలో పుల్లింగ్ కోసం. అదే కారుకు పై ఆర్‌పీఎంలో పవర్ కావాలన్నవాళ్ల కోసం బయటి రూపం అలాగే ఉంచి, లోపలి గోడ సగం తీసేసి 15 అంగుళాలకు తగ్గించింది. ఇంజిన్ ఒకటే, వాడకం వేరు, పొడవు వేరు.

రెండు పొడవులూ ఒకేదాంట్లో కావాలంటే వేరియబుల్ మానిఫోల్డ్ ఉంది. 2001లో బీఎండబ్ల్యూ ఎన్62 ఇంజిన్‌లో పొడవు నిరంతరం మారేలా చేసింది. మన షెడ్డులో ఆ ఫ్లాపులు, మోటార్లు పెట్టుకుని కూర్చుంటే ఏడాది పడుతుంది. ఒక్కో సిలిండర్‌కి ఒక్కో థ్రాటిల్ బాడీ పెట్టడం కూడా అడుగుతారు. శబ్దం అద్భుతం, ఖర్చూ అంతే. రోజూ నడిపే బండికి నేను చెప్పను.

మెటీరియల్ గురించి క్లుప్తంగా. త్రీడీ ప్రింట్ చేద్దామంటే పీఎల్ఏ వద్దు, 60 డిగ్రీలకే మెత్తబడుతుంది. నైలాన్ పనికొస్తుంది, కంపెనీలు గ్లాస్ ఫైబర్ కలిపిన నైలాన్‌తోనే చేస్తాయి. కానీ వేడికి అల్యూమినియం కన్నా నైలాన్ చాలా ఎక్కువ సాగుతుంది కాబట్టి హెడ్‌కి బిగించే ఫ్లాంజ్ మాత్రం అల్యూమినియందే ఉండాలి. నేను మొత్తం అల్యూమినియంతోనే చేశాను. ఫ్లాంజ్‌కి 12 మిల్లీమీటర్ల ప్లేటు తీసుకుని, మందపాటి ఇనుప దిమ్మెకు బిగించి టిగ్ వెల్డింగ్ చేయించాను. అయినా విప్పాక స్కేలు పెట్టి ఫీలర్ గేజ్ దూరిస్తే మధ్యలో 0.3 మిల్లీమీటర్లు వంగింది. అలాగే బిగిస్తే ప్యాకింగ్ పక్క నుంచి గాలి లాగుతుంది, ఐడ్లింగ్ నిలవదు. వెల్డింగ్ అయ్యాకే ముఖం మిల్లింగ్ చేయించండి. బ్రేక్ బూస్టర్ మానిఫోల్డ్‌లోని వాక్యూమ్‌తోనే పనిచేస్తుంది, దాని పైపుకి బాక్సు మీద చోటు ముందే గుర్తుపెట్టుకోండి, అది మర్చిపోతే బ్రేక్ రాయిలా గట్టిపడుతుంది.

ఇప్పుడు మా బావమరిది జిప్సీ వచ్చింది. దాని బానెట్ కింద చోటు ఎక్కువ. 66 సెంటీమీటర్ల లెక్కతో అట్ట నమూనా కోసి పెట్టాను. ఈ ఆదివారం క్లే ముద్దలు పెట్టి బానెట్ మూసి చూడాలి.