‘ఇప్పుడు’ అందరికీ ఒకటేనా? రెండు కాలవాదాల్లో ఏది మేలు?

ఉన్నది వర్తమానమొక్కటే అనే వాదం మన అనుభవానికి దగ్గర. గత వర్తమాన భవిష్యత్తులు మూడూ సమానంగా ఉన్నవే అనే వాదం భౌతికశాస్త్రానికి దగ్గర. మొదటిదాన్ని అమాయకపు నమ్మకమని తోసిపుచ్చలేం. తొడిమ ఊడి పడుతున్న పండుకు పడిన దారి, పడవలసిన దారి తప్ప నడుమ మరొకటి లేదు గనుక వర్తమానమే లేదన్న ఆక్షేపణను ప్రాచీన తర్కగ్రంథమైన న్యాయసూత్రాలు ఏనాడో చర్చించాయి. నల్లగొండ తాటితోపుల్లో పండు రాలడం చూసినవారికి ఆ ఆక్షేపణ సులభంగానే అర్థమవుతుంది. వర్తమానం లేకుంటే దాన్ని ఆశ్రయించిన గతభవిష్యత్తులూ నిలవవని, ప్రత్యక్ష జ్ఞానమే కుదరదని ఆ సూత్రకర్త గౌతముడి సమాధానం.

రెండో వాదానికి బలమిచ్చింది 1905 నాటి ఐన్‌స్టైన్ ప్రత్యేక సాపేక్షతా సిద్ధాంతం. దూరపు సంఘటనల్లో ఏవి ఒకేసారి జరిగాయన్నది చూసేవారి కదలికను బట్టి మారుతుందని అది చెబుతుంది. 1908లో గణితవేత్త మింకోవ్‌స్కీ దానికి స్థలకాలాలు కలిసిన రూపమిచ్చాడు. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఇద్దరు గంటకు 5 కిలోమీటర్ల వేగంతో నడుస్తూ ఒకరినొకరు దాటుకున్నారని, ఒకరు ఆండ్రోమెడా గెలాక్సీ ఉన్న దిక్కుకు, మరొకరు దానికి ఎదురు దిక్కుకు పోతున్నారని అనుకుందాం. ఆ గెలాక్సీ దాదాపు 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నందున, అక్కడ ‘ఇప్పుడు’ జరుగుతున్నదేమిటన్న లెక్కలో ఆ ఇద్దరికీ 8 రోజులకు పైగా తేడా వస్తుంది. ఇద్దరి లెక్కా సరైనదే. వర్తమానమొక్కటే ఉన్నదనేవారు ఎవరి వర్తమానాన్ని ఎంచుకోవాలో చెప్పలేక ఇక్కడ చిక్కుకుంటారు. గతం, వర్తమానం ఉన్నాయి, భవిష్యత్తు మాత్రం లేదనే నడిమి వాదానికీ ఇదే చిక్కు.

ఈ తేడా మనకెందుకు తెలియదంటే, మన దూరాలు చిన్నవి. సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదు చేరడానికి కాంతికి సెకనులో 3,000వ వంతు చాలు. మన ఇంద్రియాలు అంత సన్నని వ్యవధిని పట్టలేవు. ‘ఇప్పుడే బస్సెక్కిన’ అని ఫోనులో చెప్పినవారి ‘ఇప్పుడు’, ఇంట్లో విన్నవారి ‘ఇప్పుడు’ ఒకటేనని నమ్మినా ఏ పనీ చెడదు.

కాబట్టి విశ్వమంతటి లెక్కకు రెండో వాదమే మేలని నా అభిప్రాయం. అయితే పండు నేలను తాకిన చోట, తాకిన క్షణాన జరిగిన ఆ సంఘటనను సాపేక్షత చెరపదు గనుక, గౌతముడి మాట ‘ఇక్కడి ఇప్పుడు’ వరకు చెల్లుతుంది. ఆ క్షణమే ప్రత్యేకంగా ఎందుకు అనుభవమవుతుందో రెండో వాదం చెప్పదు. ఈ ‘ఇప్పుడు’ తనను కలతపెడుతోందని, అది శాస్త్రానికి అందదని ఐన్‌స్టైన్ అన్నట్టు తత్వవేత్త కార్నాప్ రాశాడు. కార్నాప్ దానికి ఒప్పుకోలేదు. నాకు మాత్రం ఐన్‌స్టైన్ కలతే సబబనిపిస్తుంది.