హాంకాంగ్‌లో కుంగ్‌ఫూ సినిమాల జాడలు: ఎక్కడ పూట పెట్టాలి, ఎక్కడ పది నిమిషాలు చాలు

టికెట్లు తీసేముందు మంగళవారం ఎప్పుడు పడుతుందో చూసుకోండి. ష టిన్‌లోని హెరిటేజ్ మ్యూజియం, సాయ్ వాన్ హోలోని ఫిల్మ్ ఆర్కైవ్ రెండూ ఆ రోజు సెలవు. కాంటనీస్ (హాంకాంగ్ వాళ్ల భాష) సినిమా కోసం వెళ్లేవాళ్లకు ఈ రెండే ముఖ్యం.

ఆర్కైవ్‌లో పాత సినిమాలను తెర మీద వేస్తారు. 1949లో మొదలైన, క్వాన్ తక్-హింగ్ అనే నటుడు కుంగ్‌ఫూ గురువు వాంగ్ ఫెయ్-హుంగ్‌గా వేసిన సినిమాల కాలం నాటివి చూడాలంటే ఇలాంటి చోటే దిక్కు. అన్నిటికీ ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఉండవు, షెడ్యూల్లో చూసుకున్నాకే టికెట్ కొనండి. మ్యూజియంలో, కుంగ్‌ఫూ వీరుల నవలలు రాసిన జిన్ యోంగ్ పేరిట ఉన్న గ్యాలరీ ఉచితం. బ్రూస్ లీ ప్రదర్శన మాత్రం గడువు పెట్టి నడిపేది, ఉందో లేదో ముందే కనుక్కోవాలి.

సినిమా తారల పేరిట సముద్రపు ఒడ్డున ఉన్న నడకదారి అవెన్యూ ఆఫ్ స్టార్స్‌కు పది నిమిషాలు ఎక్కువే. 2019లో మళ్లీ తెరిచాక తారల చేతిముద్రలు రెయిలింగు మీదికి వచ్చాయి. బ్రూస్ లీ విగ్రహం దగ్గర ఎప్పుడూ ఫొటోల జనమే, తెల్లారగానే వెళ్తే నయం. కంబర్లాండ్ రోడ్డులో ఆయన ఇల్లు వెతక్కండి, 2019లోనే కూల్చేశారు.

పూట పెట్టాల్సింది ట్యూన్ మున్‌లోని చింగ్ షాన్ మఠానికి. 'ఎంటర్ ది డ్రాగన్' ఇంగ్లీషు సినిమానే అయినా అందులో కొంత ఇక్కడే తీశారు. ట్యూన్ మున్ దాకా మెట్రో, అక్కణ్నించి లైట్ రైల్లో చింగ్ షాన్ చ్యూన్ స్టాపు, ఆపైన అరగంట నిటారు సిమెంటు దారి. నీళ్లు కిందే కొనుక్కోండి. లైట్ రైలుకు గేట్లుండవు. ప్లాట్‌ఫాం మీది యంత్రానికి ఆక్టోపస్ కార్డును (ముందే డబ్బు వేసుకుని ప్రయాణాలకు వాడే కార్డు) ఎక్కేముందు ఒకసారి, దిగాక ఒకసారి తాకించాలి. గేటు లేదు కదా అని చాలామంది మర్చిపోయి ఎక్కేస్తారు, తనిఖీలో దొరికితే జరిమానా.

బసకు గెస్ట్‌హౌసులుండే పాత భవనం చుంగ్‌కింగ్ మాన్షన్స్ చవక, కింద అంతస్తులోనే మన తిండి దొరుకుతుంది. 17 అంతస్తులు, అయిదు బ్లాకులు. లిఫ్టులు చిన్నవి, సరి అంతస్తులకొకటి, బేసి అంతస్తులకొకటి. సూట్‌కేసులతో సాయంత్రం దిగితే క్యూ తప్పదు. బుక్ చేసేటప్పుడు గదికి కిటికీ ఉందా అని అడగండి, లేని గదులే ఎక్కువ తగులుతాయి. ఇద్దరుంటే హాంకాంగ్‌లోనే ఉన్న జోర్డాన్ పేట వైపు మామూలు హోటలే మేలు.

భారత పాస్‌పోర్టుకు వీసా అక్కర్లేదు గానీ, ఆన్‌లైన్లో ముందస్తు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఉచితం, ఒక్కో రాకకు 14 రోజులుండొచ్చు. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఇంటిపేరుతో సహా, అక్షరం తేడా లేకుండా కొట్టండి.