ఆటోనగర్‌లో ఇంజిన్ మార్పిడి: దించి ఎక్కించడం భేష్, స్టార్ట్ కాకపోతేనే తంటా

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో కారు ఇంజిన్ దించి ఇంకొకటి ఎక్కించే పనికి వంక పెట్టడానికి లేదు. లేత్, బోరింగ్, హెడ్ ఫేసింగ్, సెల్ఫ్ మోటార్ వైండింగ్, డీజిల్ పంపు బెంచి అన్నీ నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంటాయి. బోల్టు లోపల విరిగిందంటే వెంటనే తీయించి కొత్త మర వేయించుకోవచ్చు. ఇంతవరకు ఐదుకు ఐదు మార్కులు. ఎక్కించాక తాళం తిప్పితే బండి అందుకోనప్పుడు మాత్రం షెడ్డుకీ షెడ్డుకీ తేడా బయటపడుతుంది. లోపం పట్టుకుని స్టార్ట్ చేయించే పనికి మొత్తమ్మీద మూడు మార్కులకు మించి ఇవ్వలేం.

పనితనం తక్కువై కాదు, బాధ్యత ముక్కలైపోయి. ఇంజిన్ అమ్మింది ఒకరు, ఎక్కించింది ఇంకొకరు, వైరింగ్ చూసేది మరొకరు. ఇంజిన్ బాగానే ఉంది, వైరింగ్ చూపించమని ఇంజిన్ వాళ్లు. వైరింగ్ బాగానే ఉంది, ఇంజినే తేడా అని వైరింగ్ వాళ్లు. ఓనరు ఇద్దరి మధ్యా తిరుగుతాడు. అందుకే ఇంజిన్, ఫిట్టింగ్, వైరింగ్ మూడూ ఒక్క షెడ్డుకే అప్పజెప్పి, స్టార్ట్ చేసి చూపించే పూచీ కాగితం మీద రాయించుకోండి. మంచి షెడ్డుకు గుర్తు ఒకటుంది: స్టార్ట్ కాని బండిని మళ్లీ విప్పే ముందు మీటరు పెట్టి కొలుస్తారు.

మొదట కొలవాల్సింది ఎర్త్, అంటే ఇంజిన్ నుంచి బ్యాటరీ మైనస్‌కి కరెంటు తిరిగి వెళ్లే దారి. బోరింగ్ చేసిన ఇంజిన్‌కి చూపుకి బాగుండాలని వెండిరంగు స్ప్రే కొడతారు. ఆ రంగు మీదే ఎర్త్ వైరు బిగిస్తే లగ్గుకీ (వైరు చివరి రింగు) లోహానికీ మధ్య రంగు పొర ఉండిపోతుంది. లైట్లు వెలుగుతాయి, హారన్ మోగుతుంది, సెల్ఫ్ కొడితే మాత్రం టక్‌మని ఆగుతుంది, లేదా నీరసంగా తిరుగుతుంది. మల్టీమీటరు ఒక కొన బ్యాటరీ మైనస్ పోలు మీద, రెండో కొన ఇంజిన్ మీద రంగు లేని లోహం మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. 0.2 వోల్టు లోపు చూపిస్తే భేష్. 0.5 దాటితే ఎర్త్ లేనట్టే. లగ్గు విప్పి, కింద మెరిసేదాకా గీకి, మళ్లీ బిగించాలి. గేర్‌బాక్స్ నుంచి బాడీకి వెళ్లే వైరునైతే బిగించడమే మరిచిపోతుంటారు. సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ 9.6 వోల్టుల కిందికి పడిపోతుంటే ముందు బ్యాటరీ, ఆ తర్వాత సెల్ఫ్ మోటార్ చూడాలి.

సెల్ఫ్ చురుగ్గా తిరిగినా ఇంజిన్ అందుకోకపోతే స్కానరు పెట్టించండి. కోడ్లతో సరిపెట్టకుండా, సెల్ఫ్ కొడుతుండగా ఆర్‌పీఎం ఎంత చూపిస్తోందో అడగండి. 200 అటూ ఇటూ ఉంటే క్రాంక్ సెన్సర్ (ఇంజిన్ తిరుగుతున్న వేగాన్ని చెప్పేది) పనిచేస్తున్నట్టు. సున్నా ఉంటే దాని కప్లర్ (వైరు ప్లగ్గు) పెట్టలేదు, లేదా గేర్‌బాక్స్ కలిపేటప్పుడు సెన్సర్ ముక్కు దెబ్బతింది, లేదా వేరే మోడల్ ఫ్లైవీల్ వచ్చింది. మీటరు బోర్డులో తాళం గుర్తు మిణుకుమిణుకుమంటుంటే ఇమ్మొబిలైజర్ (దొంగతనం జరక్కుండా బండిని ఆపే ఏర్పాటు) తాళాన్ని గుర్తుపట్టడం లేదు. ఇంజిన్‌తో పాటు వచ్చిన ఈసీఎం (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) బిగించిన బండ్లలో ఇది మామూలే. మీ బండి ఈసీఎం మీ బండిలోనే ఉంచమని ముందే చెప్పండి.

స్విఫ్ట్, డిజైర్ వాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. ఇంజిన్ మీద కె12 అని రాసి ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. 2011లో వచ్చిన కొత్త స్విఫ్ట్ ఇంజిన్‌కి వీవీటీ (వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే ఏర్పాటు) ఉంది, అంతకు ముందుదానికి లేదు. 2020 తర్వాతి డ్యూయల్‌జెట్‌లో సిలిండర్‌కి రెండేసి ఇంజెక్టర్లు. పాత వైరింగ్‌కి అది కలవదు. డబ్బు కట్టకముందే రెండు ఇంజిన్ల సెన్సర్లు, కప్లర్లు పక్కపక్కన పెట్టి చూడండి.

తర్వాత పెట్రోలు, ప్లగ్గు నిప్పు (స్పార్క్). తాళం ఆన్ చేయగానే వెనక సీటు కింద పంపు రెండు సెకన్లు గుయ్‌మనాలి. పంపు మోగితే చాలనుకోవద్దు, గేజీ పెట్టి ప్రెషర్ చూడాలి. మామూలు ఎంపీఎఫ్‌ఐ (ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే) బండ్లలో 3 బార్ దరిదాపుల్లో ఉంటుంది. నిప్పు ఉండి దగ్గినట్టు చప్పుడు చేస్తూ వెనక్కి కొడుతుంటే కాయిల్ కప్లర్లు తారుమారయ్యాయేమో చూడాలి. సిలిండర్లలో నిప్పు పడే ఫైరింగ్ వరస 1-3-4-2. అవి సరిగ్గానే ఉంటే టైమింగ్ చైన్ మార్కులు కలిశాయో లేదో చూడాలి.

ఇంజిన్ పోయిందని తేల్చే ముందు కంప్రెషన్ (సిలిండర్లలో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో) తీయించండి. ప్లగ్గులన్నీ విప్పి, పంపు ఫ్యూజు లాగి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి కొలవాలి. నాలుగూ ఒకేలా తక్కువ చూపిస్తే రెండు కారణాలకు అవకాశం ఉంది: టైమింగ్ తప్పి ఉండొచ్చు, లేదా పదే పదే సెల్ఫ్ కొట్టడంతో పెట్రోలు సిలిండర్ బోరులోని ఆయిల్‌ని కడిగేసి ఉండొచ్చు. ప్లగ్గు బొక్కలోంచి చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే రెండోదైతే వెంటనే పెరుగుతుంది. ఈ ఒక్క పరీక్ష చేయక బాగున్న ఇంజిన్లను మళ్లీ దించేస్తుంటారు. చూస్తే కడుపు మండుతుంది. సెల్ఫ్ ఒక విడతకు 10 సెకన్లు మించకూడదు, మధ్యలో అర నిమిషం ఆగాలి.

డీజిల్ బండికి ముందు లైన్లో గాలి తీయాలి, హ్యాండ్ పంపు గట్టిపడేదాకా నొక్కి. పాతకాలం లారీల్లో చేసినట్టు కామన్‌రైల్ (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే పైపు నుంచి హై ప్రెషర్ డీజిల్ అందే) బండ్లలో ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టనివ్వొద్దు. వందల బార్ల ప్రెషర్‌తో చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

స్టార్ట్ అయ్యాక ఆయిల్ లైటు ఆరిందో లేదో చూసుకోండి, ఆరకపోతే తక్షణం ఆపేయండి. డబ్బు పూర్తిగా ఇచ్చేది ఇంజిన్ వేడెక్కి ఫ్యాన్ తిరిగి, ఆపి మళ్లీ ఒక్క సెల్ఫ్‌కి అందుకున్నాకే. కొత్త ఇంజిన్ నంబరు వేసిన బిల్లు చేతికొచ్చాకే బండి బయటికి తీయండి. ఆర్టీఏ ఆఫీసులో ఆర్‌సీ మీద నంబరు మార్పించాలంటే ఆ బిల్లే ఆధారం.