లడ్లోలో ఫ్రెంచ్ భోజనం

ఇంగ్లండ్‌లో వేల్స్ సరిహద్దుకు దగ్గరగా, ష్రాప్‌షైర్ కౌంటీలో ఉన్న లడ్లో పదివేల పైచిలుకు జనాభా గల చిన్న సంత పట్టణమే అయినా, తిండి విషయంలో దాని పేరు పెద్దది. 1995 నుంచి అక్కడ ఆహారోత్సవం జరుగుతోంది. 2000 ప్రాంతంలో మిషెలిన్ స్టార్ (మేటి రెస్టారెంట్లకు మిషెలిన్ గైడు ఇచ్చే గుర్తింపు) ఉన్న రెస్టారెంట్లు ఒకే కాలంలో మూడు నడిచాయి. కౌంటీ ముఖ్యపట్టణమైన ష్రూస్‌బరీ నుంచి రైల్లో అరగంట ప్రయాణం. సోమ, బుధ, శుక్ర, శనివారాల్లో కోట గుమ్మం ముందే సంత జరుగుతుంది. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీకి అన్నయ్య అయిన ఆర్థర్ 1502లో మరణించింది ఆ కోటలోనే.

మేము భోంచేసిన బిస్ట్రో (చిన్న ఫ్రెంచ్ హోటల్) సంతకు దగ్గరలోని ఒక సందులో ఉంది. బల్లలు తక్కువ, వాటి మధ్య చోటు మరీ తక్కువ. మధ్యాహ్నం వేళ రెండు లేదా మూడు వంటకాలకు కలిపి ఒకే ధర ఉంటుంది. రాత్రి అవే వంటకాలు విడివిడిగా తెప్పించుకుంటే ఖర్చు బాగా పెరుగుతుంది కాబట్టి, మధ్యాహ్నం వెళ్లడమే లాభం. ఉల్లిపాయ సూప్ నాకు అన్నిటికంటే నచ్చింది. ఉల్లిని సన్నసెగ మీద చాలాసేపు మగ్గిస్తే తప్ప ఆ ముదురు రంగూ తీపీ రావు, వంటవాడు ఆ ఓపిక చూపించాడు. బాతు కాలిని ఉప్పు పట్టించి, దాని కొవ్వులోనే నెమ్మదిగా ఉడికించే కాన్ఫీలో మాంసం మెత్తగా, తోలు కరకరలాడుతూ ఉంది గాని, ఉప్పు ఒక పాలు ఎక్కువైంది. వేపుడు బంగాళాదుంపలు మాత్రం మెత్తబడి వచ్చాయి.

మనవాళ్లు గమనించవలసినది ఒకటుంది. ఈ సూప్‌ను సంప్రదాయంగా గొడ్డుమాంసం ఉడికించిన రసంతో చేస్తారు, పైన వేసే గ్రుయేర్ చీజ్‌లో దూడ కడుపు నుంచి తీసిన తోడు ఉంటుంది. అక్కడి చట్టం ప్రకారం చెప్పి తీరవలసిన 14 అలర్జీ పదార్థాల్లో గొడ్డుమాంసం లేదు కనుక, మనం నోరు తెరిచి అడగాల్సిందే. అడిగితే వడ్డించే ఆమె విసుక్కోకుండా వంటగదిలోకి వెళ్లి కనుక్కుని వచ్చింది. శాకాహారులకు మెనూలో మిగిలేది ఒకటో రెండో వంటకాలు. దూరం నుంచి పనిగట్టుకుని వచ్చేవారికి అది చాలదు.

గది నిండా ఉన్నవారికి ఆమె ఒక్కతే వడ్డించినా ఆలస్యం జరగలేదు. మద్యం అమ్మే లైసెన్సు ఉన్న చోట కుళాయి నీరు అడిగితే ఉచితంగా ఇవ్వాలి. ఇక్కడ అడగకముందే కూజా పెట్టారు. బిల్లులో కలిపే సర్వీస్ ఛార్జీ ఐచ్ఛికమే అయినా, 2024 అక్టోబరు నుంచి ఆ సొమ్ము సిబ్బందికే చేరాలని చట్టం ఉండడంతో నిస్సంకోచంగా ఇచ్చాను.

బస సంగతికొస్తే, మేము దిగిన పాత సత్రం చూడముచ్చటగా ఉంది కాని, లిఫ్టు లేదు, మెట్లు నిటారుగా ఉన్నాయి. పెద్దవారితో వెళ్లేవారు ష్రూస్‌బరీలో దిగి, పొద్దున్నే వచ్చి సాయంత్రానికి తిరిగి వెళ్లడం మేలు. ఇలాంటి చిన్న హోటళ్లు వారం మొదట్లో మూసి ఉండవచ్చు, మధ్యాహ్నం రెండు దాటాక వంట ఆపేయనూవచ్చు. ముందుగా ఫోన్ చేసి బల్ల చెప్పి ఉంచుకోవాలి.