దయ్యాల వేటకు వయసు అడ్డమా? ఎడిన్‌బరోలో మేం ముగ్గురం, మూడు రాత్రులు

బాబాయ్‌కి అరవై ఏడు, మేనల్లుడికి పదిహేడు, మధ్యలో నాకు నలభై రెండు. ముగ్గురికీ దయ్యాల చోట్లంటే పిచ్చి. స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో వెళ్తున్నామంటే అందరూ ఒకటే అడిగారు, ఆ పెద్దాయనకి ఈ వయసులో అవసరమా, పిల్లాడు జడుసుకోడూ అని. వెళ్లొచ్చాక చెప్తున్నా, భయపడటానికీ వయసుకీ పెద్ద సంబంధం లేదు. చెవులకీ, కళ్లకీ, మోకాళ్లకీ మాత్రం వయసుతో చాలా సంబంధం ఉంది, అందుకే ఈ పనికి ఒకే ఈడు వాళ్లు గుంపుగా వెళ్లకూడదు.

మొదటి రోజు సాయంత్రం మేరీ కింగ్స్ క్లోజ్. అది ఒకప్పటి ఇరుకు సందు. 1753లో దాని మీద రాయల్ ఎక్స్ఛేంజ్ అనే వర్తకుల భవనం కట్టడం మొదలుపెట్టినప్పుడు ఇళ్ల పైభాగం కూల్చేసి, కింది అంతస్తుల్ని పునాదిగా వాడుకున్నారు, ఇప్పుడు మనం తిరిగేది ఆ ఇళ్లలోనే. ఐదేళ్ల లోపు పిల్లల్ని రానివ్వరు. ఏర్పాట్లు బాగున్నాయి, కానీ మన వెనకే ఇంకో గుంపు వస్తూ ఉంటుంది కాబట్టి ఎక్కడా నిలబడి వినే తీరిక ఉండదు. కథ కోసం వెళ్లండి, వేట కోసం కాదు.

ఆ రాత్రే సౌత్ బ్రిడ్జ్ కింది గదులు. 1788లో తెరిచిన వంతెన, 19 కమానులు, వాటిలో బయటికి కనిపించేది ఒక్కటే. మిగతావాటి కింద తడి, చీకటి, ఎగుడుదిగుడు నేల. మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ వైజ్‌మన్ బృందం ఇక్కడ చేసిన పరిశోధన 2003లో వచ్చింది. దయ్యాలున్నాయని పేరుపడ్డ గదుల్లోనే జనం వింత అనుభవాలు ఎక్కువగా చెప్పారట, గది సైజు, వెలుతురు లాంటివాటితో దానికి లంకె కనిపించిందట. బాబాయ్‌కి కష్టమైంది ఇక్కడే. అరవై దాటిన కంటి లోపలికి వెళ్లే వెలుతురు ఇరవై ఏళ్ల వాడితో పోలిస్తే మూడో వంతే, పైగా చీకటికి అలవాటు పడటానికి ఎవరికైనా ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది, టూర్ వాళ్లేమో గది గదికీ టార్చి వేసి ఆర్పుతారు. నేను వెళ్లి చెప్తే ఆ గైడ్ అమ్మాయి చివరి గదిలో టార్చి ఆపేసి, అందరినీ నిశ్శబ్దంగా ఉండమని, బాబాయ్ చెయ్యి పట్టుకుని గోడ దాకా తీసుకెళ్లింది. ఆమెకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

రెండో రాత్రి గ్రేఫ్రయర్స్ శ్మశానం. చర్చి మీద రాజు పెత్తనాన్ని ఎదిరించిన కవనెంటర్లను 1679లో ఖైదీలుగా ఆరుబయట ఉంచిన చోటు ఇక్కడే ఉంది. ఆ భాగానికి తాళం ఉంటుంది, టూర్‌తో వెళ్తేనే తీస్తారు. మాకు అక్కడ భయం కాదు, దుఃఖం కలిగింది. ఎక్కువసేపు ఉండలేకపోయాం.

మూడో రాత్రి కోసమే అసలు ఇంత దూరం వచ్చింది. పాత భవనంలో తెల్లవార్లూ వేట, ముగ్గురి పుట్టిన తేదీలూ ఇచ్చి మరీ బుక్ చేశాం, ఖరారైందని మెయిల్ కూడా వచ్చింది. తీరా గుమ్మం దగ్గర, పద్దెనిమిది నిండకపోతే కుదరదన్నారు. ఇన్సూరెన్స్ నిబంధన అట. నిబంధనని తప్పుపట్టను, తేదీ చూసి కూడా ముందే చెప్పకపోవడమే అన్యాయం. పిల్లాడి మొహం చూడలేకపోయాను. "వాడు లేకుండా నేను వెళ్లనురా" అని బాబాయ్ వెనక్కి తిరిగేశాడు.

బస మెలికల మెట్ల రాతి ఇంట్లో, నాలుగో అంతస్తు, లిఫ్ట్ లేదు. ఇంటాయన సామాను తనే మోసిచ్చాడు, ఆ మేలు మరిచిపోను. గదికి రాగానే మేనల్లుడు "ఇక్కడే చేద్దాం మావయ్యా" అని కె2 మీటర్ (విద్యుదయస్కాంత క్షేత్రం తగిలితే లైట్లు వెలిగే పరికరం), రికార్డర్, నోటుపుస్తకం తీశాడు. లైట్లు ఆర్పి కూర్చున్నాం. కాసేపటికి వాడు సన్నగా ఈల లాంటిది వినిపిస్తోందన్నాడు, మా ఇద్దరికీ ఏమీ లేదు. వయసు పెరిగేకొద్దీ ముందు పోయేది సన్నటి శబ్దాలే కదా. వాడే గోడ వెంబడి చెవి ఆనించుకుంటూ పోయి, మంచం వెనక ఉన్న చార్జర్ దగ్గర ఆగాడు. అది పీకేస్తే ఈల ఆగింది. రెండు దాటాక గోడలో టక్, టక్, మధ్యలో కాస్త ఆగి మళ్లీ టక్. నా గుండె ఝల్లుమంది, మేనల్లుడు నా భుజం పట్టుకున్నాడు. బాబాయ్ మాత్రం వేలితో లెక్కపెడుతూ విన్నాడు. ముప్పై ఏళ్లు బాయిలర్ల మధ్య పనిచేసిన మనిషి. "హీటర్ ఆగిపోయిందిరా, గొట్టం చల్లబడి ముడుచుకుంటోంది. చూడు, ఒక్కో దెబ్బకీ మధ్య ఎడం పెరుగుతోంది" అన్నాడు. నిజంగానే పెరుగుతూ పోయి ఆగిపోయింది. ఈలోగా మీటర్ లైట్లు వెలిగితే, అది నా జేబులో ఉన్న ఫోన్ వల్ల. ఫ్లైట్ మోడ్ పెట్టమని వాడు గంట ముందే చెప్పాడు.

మూడున్నరకి మెట్ల మీద ఎవరో ఎక్కుతున్న చప్పుడు, ముగ్గురం విన్నాం. మా గుమ్మం దాకా వచ్చి ఆగింది. తలుపు తీస్తే ఎవరూ లేరు. పొద్దున అడిగితే, ఆ రాత్రి ఇంట్లో తను, మేం తప్ప ఎవరూ లేరనీ, తను లేవనే లేదనీ ఇంటాయన అన్నాడు. మేనల్లుడు పుస్తకంలో ఈల, గొట్టం, ఫోన్ కొట్టేసి, దీని దగ్గర పెన్ను ఆపి "తాతయ్యా, ఇదేం రాయను?" అన్నాడు.

"టైము రాయి. మిగతాది ఖాళీగా ఉంచు."